విమానాల షెడ్డు నుంచి తరగతి గదికి: స్కార్మ్ పుట్టుపూర్వోత్తరాలు

1980లలో ఒకే విమానయాన సంస్థ బోయింగ్ విమానాలూ, ఎయిర్‌బస్ విమానాలూ కొనుక్కుంటే శిక్షణ కేంద్రంలో పెద్ద చిక్కు వచ్చేది. ఒకరి పాఠాలు ఇంకొకరి కంప్యూటర్‌లో నడిచేవి కావు. విమానాలు తయారుచేసే కంపెనీలు ఈ గొడవ తీర్చుకోవడానికే 1988లో ఏఐసీసీ అనే కమిటీ పెట్టుకున్నాయి. ఆన్‌లైన్ కోర్సులు చేయించేవాళ్లు రోజూ అనే ‘స్కార్మ్ ప్యాకేజీ’కి మూలం అక్కడుంది.

ముందు ఎలాంటి కంప్యూటర్లు కొనాలో చెప్పిన ఆ కమిటీ, 1993లో అసలు విషయానికి వచ్చింది. పాఠం ఒకరిదీ, దాన్ని నడిపి రికార్డు రాసే వ్యవస్థ మరొకరిదీ అయినప్పుడు రెండూ ఏమేం చెప్పుకోవాలి? చదువుతున్నది ఎవరు, ఎక్కడ ఆపారు, ఎంతసేపు చదివారు, ఎన్ని మార్కులొచ్చాయి, పాసయ్యారా? పైలట్లకూ మెకానిక్కులకూ శిక్షణ ఇచ్చేవాళ్లు అడిగిన ప్రశ్నలివి. వాళ్లకు కావలసింది రికార్డు. ఈనాటికీ మన కోర్సులు ముందుగా చెప్పేది వీటికి జవాబులే.

ఆ తర్వాత అమెరికా రక్షణ శాఖ రంగంలోకి దిగింది. 1997లో ఏడీఎల్ అనే కార్యక్రమం మొదలుపెట్టి, 2000 జనవరిలో స్కార్మ్ అనే ప్రమాణం తొలి రూపం విడుదల చేసింది. ఏడీఎల్ కొత్తగా కనిపెట్టింది తక్కువ. సంభాషణ పద్ధతిని ఏఐసీసీ నుంచి, ప్యాకేజీ కట్టే పద్ధతిని ఐఎంఎస్ అనే సంస్థ నుంచి తీసుకుని ఒకచోట కూర్చింది. నా దృష్టిలో దాని గొప్పతనం ఈ కూర్పులోనే ఉంది. కోర్సులు చేసేవాళ్లనూ, వాటిని నడిపి రికార్డు రాసే ఎల్‌ఎంఎస్‌లు చేసేవాళ్లనూ ఒకచోటికి పిలిచి, ఒకరి కోర్సు ఇంకొకరి ఎల్‌ఎంఎస్‌లో నడుస్తుందో లేదో అందరి ముందూ పరీక్షించే ‘ప్లగ్‌ఫెస్ట్’లు కూడా ఏడీఎల్ నడిపింది.

2001 అక్టోబరులో వచ్చిన 1.2 వెర్షన్ ఇప్పటికీ చాలాచోట్ల వాడుకలో ఉంది. పాఠాలన్నీ ఒక జిప్ ఫైలు. లోపల ఏమున్నాయో, ఏది ముందో చెప్పే ఒక ఎక్స్ఎంఎల్ జాబితా. బ్రౌజర్‌లో పాఠం తెరుచుకోగానే అది జావాస్క్రిప్ట్‌తో ఎల్‌ఎంఎస్‌ను పలకరిస్తుంది, విషయాలు రాయిస్తుంది, చివర సెలవు తీసుకుంటుంది. ఇంత సరళంగా ఉండబట్టే నిలిచింది. అయితే దీనిలో ఒక ఇబ్బంది ఉంది. పూర్తి చేశారా, పాసయ్యారా అన్న రెండు సంగతులకూ ఒకటే గడి. పాఠమంతా చదివి పరీక్ష తప్పిన మనిషిని ఆ గడిలో ఏమని రాయాలి? 2004 వెర్షన్ దీన్ని రెండు గడులుగా విడదీసింది. దానితోపాటు, ఏ పాఠం తర్వాత ఏది తెరుచుకోవాలో నిర్ణయించే నియమాల పెద్ద చిట్టా కూడా చేర్చింది. ఆ నియమాలు మరీ జటిలం కావడంతో ఎంతోమంది 1.2ను వదల్లేదు.

తెలుగు కోర్సులు చేయించేవాళ్లు మాత్రం ఇంకో తేడా తప్పక చూడాలి. 1.2 నిబంధనల ప్రకారం, పాఠం ఎల్‌ఎంఎస్‌కు పంపే రాతలు ఆస్కీ అక్షరాల్లో, అంటే ఇంగ్లిషు అక్షరాలూ అంకెలూ గుర్తుల్లో ఉండాలి. విద్యార్థి టైపు చేసిన తెలుగు జవాబుకు అందులో అధికారికంగా చోటు లేదు. ఫలానా ఎల్‌ఎంఎస్ ఒప్పుకుంటే అది దాని మంచితనమే. 2004 వెర్షన్ యూనికోడ్‌ను ఒప్పుకుంది. మధ్యలో ఆపిన పాఠం గుర్తుంచుకోవడానికి 1.2 ఇచ్చిన చోటు 4096 అక్షరాలు. 2004 మూడో సవరణలో అది 64,000 అయింది. పిల్లల చేత తెలుగులో రాయించి ఆ జవాబుల్ని దాచాలనుకుంటే 1.2ను నమ్ముకోకూడదు.

స్మార్ట్‌ఫోన్లు వచ్చాక, చదువు బ్రౌజర్ దాటిపోయింది. దాన్ని అందుకోవడానికి ఏడీఎల్ పరిశోధన చేయించగా 2013లో కొత్త ప్రమాణంగా ఎక్స్‌ఏపీఐ వచ్చింది. ఎవరు, ఏం చేశారు, దేన్ని చేశారు అని ఏ పరికరం నుంచైనా వాక్యంగా పంపవచ్చు. ఇంత స్వేచ్ఛ ఇస్తే ఒక్కొక్కరు ఒక్కో క్రియ వాడతారు, లెక్కలు కలవవు. ఆ స్వేచ్ఛకు హద్దు గీసిన నిబంధనల పేరు సీఎంఐ5. దాన్ని మొదలుపెట్టింది పాత ఏఐసీసీయే. 2014లో కమిటీ మూతపడుతూ ఆ పనిని ఏడీఎల్‌కు అప్పగించింది, 2016లో అది బయటికొచ్చింది. అందులో నిర్ణీత క్రియలు తొమ్మిది. పూర్తిచేయడం ఒకటి, పాసవడం వేరొకటి.

కోర్సుకు ఆర్డరు ఇచ్చేవాళ్లు ‘స్కార్మ్‌లో కావాలి’ అని ఊరుకోకుండా ఏ వెర్షనో రాయాలి. ముందుగా ఒక చిన్న ప్యాకేజీ తెప్పించి, తమ ఎల్‌ఎంఎస్‌లో ఎక్కించి, ఒత్తులూ గుణింతాలూ ఉన్న జవాబు టైపు చేసి, పాఠం సగంలో మూసేసి, మర్నాడు మళ్లీ తెరిచి చూడాలి.