యంత్రమునకు మంద్రస్వరము నేర్పిన కథ

పాటను వినువారు మొట్టమొదట గాయకుని కంఠమును విందురు. పిదప వేణువును, వయొలినును గుర్తింతురు. వీటి కన్నిటికి అడుగున నిలిచి పాటను మోయుచున్న మంద్రస్వరమును ప్రత్యేకముగా వినువారు అరుదు. అది ఉన్నంతసేపు దాని ఉనికి తెలియదు. ఆగిన మరుక్షణమున పాట బరువు కోల్పోయినట్లు తోచును. దీనిని ఇంటి పునాదితో పోల్చుట వాడుక. ఆ పోలిక సగమే సత్యము. పునాది కదలదు, మంద్రస్వరము కదలుచునే ఆధారము నిచ్చును. ఆ కదలికను యంత్రమునకు నేర్పుటకు అర్ధశతాబ్దమునకు పైగా కాలము పట్టినది. ఈనాడు ఇంటిలో కంప్యూటరు ముందు కూర్చుండి పాట కట్టుకొను యువకుడు నిజమైన బేస్ గిటారువలె మ్రోగు కృత్రిమ వాద్యము కొఱకు వెదకుచున్నాడు. ఆ వెదకులాటకు ఒక చరిత్ర కలదు. దానిని సంగ్రహముగా పరిశీలించుటయే ఈ వ్యాసమునకు ఉద్దేశము.

మంద్రస్థాయి విలువ మన సంప్రదాయమునకు తెలియనిది కాదు. తంబురా లేనిదే కచేరి లేదు. కచేరికి ముందు మృదంగమునకు ఎడమ ప్రక్కన తడిపిన రవ్వముద్దను అద్దుదురు. దాని వలననే ఆ ప్రక్కకు గంభీరనాదము కలుగును. కచేరి ముగిసిన తరువాత దానిని తీసివేయుదురు. అయితే మన సంగీతమున ఆధారశ్రుతి స్థిరము; రాగము దాని చుట్టును సంచరించును. పాశ్చాత్య పద్ధతి యట్టిది కాదు. అందు పైస్వరము నిలిచియుండగానే క్రిందిస్వరము మారుచుండును. అది మారినప్పుడెల్ల పైస్వరపు భావమును మారును. షడ్జముపై నిలిచిన గాయకుని క్రింద షడ్జమే మ్రోగినచో విశ్రాంతి కలుగును. చతుశ్శ్రుతి ధైవతము మ్రోగినచో ఆ షడ్జమునకే విషాదచ్ఛాయ వచ్చును. మన చలనచిత్ర సంగీతము ఈ రెండు మార్గములను కలుపుకొన్నది గనుక, బేస్ గిటారు మన చెవులకును పరిచితమైనది. 1980ల నాటి ఇళయరాజా పాటలను శ్రద్ధగా విన్నచో, గాయకుని క్రింద ఆ వాద్యము తనదైన వేరొక పాటను పాడుచున్నట్లు తెలియును.

స్థిరమైన శ్రుతిని యంత్రమునకు నేర్పుట కొంత సుకరమైన పని. 1979లో బెంగుళూరున జి. రాజ్ నారాయణ్ ఎలక్ట్రానిక్ తంబురాను రూపొందించెను. నిలువెత్తు తంబురాకు చోటు లేని ఇండ్లలోను, సముద్రము దాటి పోయినవారి గదులలోను ఆ చిన్న పెట్టె ప్రవేశించినది. విద్వాంసులు మొదట సందేహించినను, అభ్యాసమునకు దానిని అంగీకరించిరి. కాని తంబురా నాలుగు తంతులను ఒకే క్రమమున మీటుచుండును. కదలు మంద్రమును నేర్పుట వేరు పని. ఆ కథను తెలిసికొనుటకు అమెరికా దేశమునకు పోవలెను.

అచ్చటి వాద్యబృందములలో మంద్రస్వరమును పూర్వము డబుల్ బేస్ పలికించెడిది. అది మనిషి కంటె ఎత్తైన వాద్యము; మోయుట కష్టము; ఢంకాలు, బాకాలు మ్రోగు సభలో వినబడుట మరింత కష్టము. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ పట్టణమున రేడియో మరమ్మతు అంగడి నడిపిన లియో ఫెండర్ 1951లో దీనికి ఒక ఉపాయము కనిపెట్టెను. గట్టి కఱ్ఱపలకపై నాలుగు తంతులు బిగించి, గిటారునకు వలె మెట్లు అమర్చి, విద్యుత్తు ద్వారా స్పీకరులో పలికించు వాద్యమును అమ్మకమునకు తెచ్చెను. మెట్లు ఉన్నందున స్వరము తప్పదు గనుక దానికి ప్రెసిషన్ బేస్ అని పేరిడెను. దాని అతిమంద్ర తంతి సెకనుకు సుమారు 41 సారులు కంపించును. ఇచ్చట పాఠకులు ఒక విశేషమును గమనింపవలెను. నేడు మనము నిజమైన వాద్యమని చెప్పుకొనుచున్న బేస్ గిటారు ఆనాడు డబుల్ బేసునకు బదులుగా వచ్చిన వాద్యమే. బదులుగా వచ్చినది కాలక్రమమున అసలైనది. ఆ మార్పును తెచ్చినది కఱ్ఱయు, తీగెయు కాదు. దానిని పట్టిన చేతులు.

అట్టి చేతులలో అగ్రగణ్యమైనవి జేమ్స్ జేమర్‌సన్ చేతులు. డెట్రాయిట్ నగరపు మోటౌన్ సంస్థ 1960లలో వెలువరించిన అసంఖ్యాకములైన పాటలకు ఆయన బేస్ వాయించెను. కుడిచేతి చూపుడువ్రేలు ఒక్కదానితోనే తంతిని లాగెడివాడు. సహచరులు ఆ వ్రేలిని కొక్కెము అని పిలిచెడివారు. తంతులు పాతబడినను మార్చెడివాడు కాడు. తంతుల క్రింద చిన్న స్పాంజి ముక్క ఉండెడిది. అందువలన స్వరము పలికిన వెంటనే అణగి, తరువాతి స్వరమునకు చోటు విడిచెడిది. కోట్లాది జనులు ఆ వ్రేలి నాదమునకు తలలూపిరి. కాని రికార్డు అట్టలపై ఆయన పేరు లేదు. 1971లో మార్విన్ గే వెలువరించిన ‘వాట్స్ గోయింగ్ ఆన్’ అట్టపైగాని ఆ సంస్థ ఆయన పేరును అచ్చువేయలేదు.

ఇక యంత్రముల సంగతి. ఫెండర్ సంస్థయే 1960 ప్రాంతమున పియానో బేస్ అను 32 మెట్ల చిన్న వాద్యమును ప్రవేశపెట్టెను. డోర్స్ అను బృందమున బేస్ వాద్యకారుడు లేడు. రే మంజారెక్ ఎడమచేతితో ఈ వాద్యమును, కుడిచేతితో ఆర్గనును వాయించెడివాడు. సభలలో అది చెల్లెను. 1967లో వెలువడిన వారి మొదటి రికార్డునకు మాత్రము కొన్ని పాటలలో లారీ నెక్టెల్ అను వాద్యకారుని పిలిపించి బేస్ గిటారు వాయింపించిరి. స్టూడియో మైకు ముందు పియానో బేసుకు స్పష్టత చాలలేదు. నెక్టెల్ పేరును ఆ రికార్డుపై అచ్చుకాలేదు. యంత్రము చేయలేని పనిని మనిషి చేసెను. ఆ పని ఎవరిదో ఎవ్వరికిని తెలియలేదు.

1970లో రాబర్టు మూగ్ సంస్థ మినీమూగ్ అను సింథసైజరును తెచ్చినది. దాని నాదము గిటారును పోలదు. కాని అంతటి దట్టమైన మంద్రము అంతకుముందు వినబడలేదు. 1977లో పార్లమెంట్ బృందపు ‘ఫ్లాష్ లైట్’ అను పాటకు బెర్నీ వొరెల్ దానితోనే బేసును వాయించెను. అనుకరణను విడిచి స్వంత కంఠముతో పలికినందుననే అది నిలిచెను.

జపాను దేశపు రోలాండు సంస్థ నడిపిన ప్రయత్నము మరింత విచిత్రమైనది. టి.బి. 303 అను పేర 1981–82లో వెలువడిన ఆ చిన్న పెట్టె, ఒంటరిగా సాధన చేయు గిటారు వాద్యకారునికి తోడుగా బేస్ వాయింపవలెనని తలపెట్టబడినది. అది ఏ బేస్ గిటారును పోలలేదు. కొనువారు లేక 1984లోనే దాని తయారీ ఆగిపోయెను. పాతసామాను అంగళ్లలో చవుకగా దొరికిన ఆ పెట్టెలను చికాగో యువకులు కొని, బిరడలను ఇష్టానుసారము త్రిప్పి, 1987లో ‘ఆసిడ్ ట్రాక్స్’ అను రికార్డును వెలువరించిరి. దానినుండి ఒక నూతన సంగీతశాఖయే పుట్టెను. అంతకు అయిదేండ్ల ముందే, 1982లో, బొంబాయి చలనచిత్ర వాద్యబృందములలో పనిచేసిన చరణ్‌జిత్ సింగ్ ఇదే పెట్టెపై పది హిందూస్తానీ రాగములను పలికించి ఒక రికార్డు చేసియుండెను. ఆనాడు దానిని పట్టించుకొన్నవారు కొద్దిమంది. 2010లో అది మరల వెలువడినప్పుడు ప్రపంచము ఆశ్చర్యపడెను. ఒక స్వరమునుండి మరియొక స్వరమునకు జారుట ఆ పెట్టెకు తెలియును. మన రాగమునకును అదియే కావలసినది. గిటారువలె పలుకలేని యంత్రమున ఒక భారతీయుడు వేరొక ప్రయోజనమును చూచినాడు.

వాద్యకారుల జీవనోపాధి ప్రశ్నయు ఆ సంవత్సరముననే తీవ్రమైనది. బ్రిటను సంగీతకారుల సంఘపు లండను శాఖ యొకటి 1982లో సింథసైజరులను, తాళయంత్రములను నిషేధింపవలెనని తీర్మానించెను. అది యావత్సంఘపు విధానము కాలేదు. యంత్రములును ఆగలేదు. జాన్ చౌనింగ్ స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున 1967లో కనుగొన్న ధ్వనినిర్మాణ పద్ధతి ఆధారముగా యమహా సంస్థ 1983లో డి.ఎక్స్. 7 అను వాద్యమును తెచ్చెను. దాని బేస్ నాదము ఆ దశాబ్దపు పాటలలో విరివిగా వినబడెను. వేర్వేరు సంస్థల వాద్యములు పరస్పరము ఆజ్ఞలు పంపుకొను మిడి అను ఉమ్మడిభాషయు 1983లోనే ఏర్పడెను. అందు మీటలపై వ్రేలు పడు వేగమును 127 అంచెలుగా కొలుతురు. జేమర్‌సన్ మరణించినదియు ఆ 1983వ సంవత్సరముననే.

నాదమును నిర్మించుటకు బదులు, నిజమైన నాదమునే పట్టి దాచుట మరియొక మార్గము. ఇంగ్లండులోని బర్మింగ్‌హాం నగరమున 1963లో వెలువడిన మెలోట్రాను అను వాద్యమున ప్రతి మీటకును ఒక టేపుముక్క ఉండెడిది. తరువాత కంప్యూటరు జ్ఞాపకమున ధ్వనినమూనాలను దాచు వాద్యములు వచ్చినవి. ఆ జ్ఞాపకము స్వల్పము. కావున ఒకే నమూనాను సాగదీసి పలు స్వరములకు వాడెడివారు. ఒకే స్వరము వరుసగా నాలుగుసారులు వచ్చినచో, నాలుగును అచ్చుగ్రుద్దినట్లుండి మరతుపాకి ప్రేలినట్లు వినబడెడిది. మనిషి చేయి ఒకే స్వరమును రెండుసారులు ఒకే విధముగా మీటజాలదు. ఆ చిన్న తేడాలే ప్రాణమని, అవి లోపించినప్పుడు గాని తెలియలేదు.

1998లో గిగాశాంప్లరు అను సాఫ్ట్‌వేరు నమూనాలను కంప్యూటరు డిస్కునుండి నేరుగా చదువు పద్ధతిని తెచ్చుటతో జ్ఞాపకపు కొఱత తీరినది. స్టైన్‌బర్గ్ సంస్థ 1996లో ప్రవేశపెట్టిన వి.ఎస్.టి. విధానము 1999లో వాద్యములకును విస్తరించి, ఇంటి కంప్యూటరునే వాద్యశాలగా చేసెను. 2009లో స్పెక్ట్రాసానిక్సు సంస్థ వెలువరించిన ట్రిలియన్ వంటి బేస్ వాద్యములు ఈ మార్గపు పరిణతఫలములు. ఇట్టి వాద్యమును తయారుచేయుటకు ఒక వాద్యకారుడు స్టూడియోలో కూర్చుండి, ప్రతి తంతిపై, ప్రతి మెట్టుపై, మెల్లగను గట్టిగను, మరల మరల విడివిడి స్వరములను మీటవలెను. ఆయన అందు ఒక్క పాటయు వాయింపడు. ఆయన చేతినుండి రాలిన స్వరములతో, ఆయన ఎరుగని పాటలను ఇతరులు కట్టుకొందురు.

మూడవ మార్గము గణితము. 1983లో కెవిన్ కార్‌ప్లస్, అలెగ్జాండర్ స్ట్రాంగ్ అనువారు ఒక సులభమైన పద్ధతిని ప్రకటించిరి. కొద్దిపాటి రొదను ఒక వలయమున త్రిప్పుచు, ప్రతి చుట్టునకు ప్రక్కప్రక్క అంకెల సగటు తీసినచో, అది మీటిన తంతివలె పలికి క్రమముగా అణగును. ఆ విత్తనము పెరిగి వృక్షమైనది. 2016లో ఇటలీ దేశపు ఐ.కె. మల్టీమీడియా సంస్థ తెచ్చిన మోడో బేస్ నమూనాలపై ఆధారపడక, తంతి కంపనమును ఆ క్షణముననే లెక్కగట్టి పలికించును. తంతి పాతదా క్రొత్తదా, వ్రేలితో మీటుటయా బిళ్లతో మీటుటయా, ఏ స్థానమున మీటవలెను అను విషయములను వాడుకొనువాడే నిర్ణయింపవచ్చును.

ఇన్ని మార్గములు ఉండగా, ఇంటిలో పాట కట్టువారు దేనిని ఎన్నుకొనవలెను? చరిత్ర ఇచ్చు సమాధానము ఇది: నాదము ఎంత మధురమని గాక, చేతి పనిని ఎంత దాచుకొన్నదని పరీక్షింపవలెను. ఒకే స్వరమును వరుసగా మీటి, తేడా వినబడుచున్నదా చూడవలెను. ఒకే స్వరము ఖాళీతంతిపై ఒక రీతిగను, దానికంటె లావైన తంతిపై అయిదవ మెట్టున మరియొక రీతిగను పలుకును. ఆ ఎంపిక ఉన్నదా విచారింపవలెను. స్వరము ఆగునప్పుడు వ్రేలు తంతిని తాకు చప్పుడు, మెట్లపై జారుడు, నొక్కి అణచిన మూగస్వరములు ఉన్నవా గమనింపవలెను. ఎంత మంచి వాద్యమైనను, వ్రాయువాడు బేస్ వాద్యకారునివలె తలపనిచో వ్యర్థమే. స్వరము ఎప్పుడు ఆగవలెనో తెలియుట, ఎప్పుడు పలుకవలెనో తెలియుట కంటె ముఖ్యము. జేమర్‌సన్ స్పాంజి ముక్క చెప్పిన పాఠ మిదియే.

మరియొక వింత కలదు. చిన్న స్పీకరులు 41 కంపనముల నాదమును పలుకజాలవు. అయినను అందలి పాటలో మంద్రస్వరము మనకు తెలియును. 82, 123 కంపనముల అనుస్వరములను విని, మన మనస్సే లేని మూలస్వరమును పూరించుకొనును. కావున పెద్ద స్పీకరులలో గర్జించుటయే మంచి బేసునకు గుర్తు కాదు. చిన్న రేడియోలోను దాని నడక తెలియవలెను.

ఈ యంత్రములను నిందించుట న్యాయము కాదు. స్టూడియో అద్దెయు, వాద్యకారుని వేతనమును భరింపలేని ఎందరో యువకులకు ఇవి పాట కట్టు అవకాశము నిచ్చినవి. కాని అదే వేతనముపై బ్రదికినవారు కొందరు కలరని మరువరాదు. అనుకరణ విఫలమైనచోట నూతన వాద్యము పుట్టినది. సఫలమైనచోట, దాని సాఫల్యమునకు కారణము ఒకానొక వాద్యకారుని చేయియే. తన పాటకు కృత్రిమ వాద్యమును వాడుకొనువాడు, వీలైనప్పుడు నిజమైన బేస్ వాద్యకారుని ప్రక్కన ఒక గంట కూర్చుండి ఆ చేతిని చూచుట మేలు. ఏదో ఒక పాటకైనను ఆయననే పిలిచి వాయింపించుకొనుట అంతకంటె మేలు. అట్లు వాయించినవారి పేరును అందరు చదువునట్లు అచ్చువేయుట కనీసధర్మము. మన సభలలో పాట ముగిసినప్పుడు గాయకునికి చప్పట్లు కొట్టెదము. అప్పుడు వేదిక వెనుక నిలిచి, నాలుగు తంతుల వాద్యమును భుజమునుండి దింపుచున్న వ్యక్తి వైపును ఒకసారి చూడవలెనని పాఠకమహాశయులకు నా విన్నపము.