సాధారణ ఔషధశాస్త్రం: పరీక్షకే కాదు, మోతాదుకూ ఇదే ఆధారం

ఎంబీబీఎస్ రెండో దశలో బోధించే ఫార్మకాలజీకి సాధారణ ఔషధశాస్త్రం తొలి మెట్టు. ఇందులో మందుల పేర్లు తక్కువ, సూత్రాలు ఎక్కువ. మందును శరీరం ఏం చేస్తుంది, శరీరంపై మందు ఎలా పనిచేస్తుంది అనే రెండు ప్రశ్నల చుట్టూనే ఈ విభాగం సాగుతుంది. మొదటిది ఫార్మకోకైనటిక్స్, రెండోది ఫార్మకోడైనమిక్స్.

అర్ధాయువు ఎందుకు ముఖ్యం?

మందు రక్తంలో కలవడం, కణజాలాలకు చేరడం, కాలేయంలో మార్పు చెందడం, మూత్రపిండాల ద్వారా బయటకు పోవడం మొదటి భాగంలోని నాలుగు ఘట్టాలు. రక్తంలోని మందు పరిమాణం సగానికి తగ్గేందుకు పట్టే సమయమే అర్ధాయువు. ఒక మందు అర్ధాయువు 6 గంటలైతే, 24 గంటల తర్వాత మిగిలేది సుమారు 6 శాతమే. క్రమం తప్పకుండా ఇస్తున్న మందు రక్తంలో స్థిరస్థాయికి చేరడానికీ 4 నుంచి 5 అర్ధాయువులు పడుతుంది.

అన్ని మందులూ ఈ లెక్కకు లొంగవు. మూర్ఛకు వాడే ఫెనిటోయిన్‌ను విచ్ఛిన్నం చేసే ఎంజైముల సామర్థ్యానికి హద్దు ఉంది. ఆ హద్దును సమీపించాక మోతాదును కొద్దిగా పెంచినా రక్తంలో మందు స్థాయి అమాంతం పెరుగుతుంది. దాని చికిత్సా పరిధి మిల్లీలీటరుకు 10 నుంచి 20 మైక్రోగ్రాములు. అది దాటితే కనుగుడ్లు అదరడం, నడక తూలడం వంటి లక్షణాలు కనిపిస్తాయి.

సామర్థ్యం వేరు, శక్తి వేరు

రెండో భాగంలో విద్యార్థులు తరచూ తడబడేది ఇక్కడే. మూత్రం జారీ చేసే బుమెటనైడ్ 1 మిల్లీగ్రాము, ఫ్యూరోసెమైడ్ 40 మిల్లీగ్రాములకు దాదాపు సమానం. అంటే తక్కువ మోతాదులోనే పనిచేసే శక్తి మొదటిదానికి ఎక్కువ. అయితే రెండూ సాధించగల గరిష్ఠ ఫలితం ఇంచుమించు ఒకటే. ఆ గరిష్ఠ ఫలితమే సామర్థ్యం.

ఎలా చదవాలి?

నిర్వచనాలను కంఠస్థం చేయడం కంటే గ్రాఫులను స్వయంగా గీసి, ప్రతి సూత్రానికీ ఒక మందును జోడించడం మేలు. నాలుక కింద ఉంచే నైట్రోగ్లిజరిన్‌ను తలచుకుంటే, మింగిన మందు రక్తప్రవాహంలోకి చేరేలోపే కాలేయంలో నష్టపోయే తీరు గుర్తుండిపోతుంది. ప్రారంభ మోతాదు మందు శరీరంలో విస్తరించే పరిమాణంపైనా, నిర్వహణ మోతాదు అది శరీరం నుంచి తొలగే వేగంపైనా ఆధారపడతాయన్న సూత్రం లెక్కల ప్రశ్నలకు కీలకం.

ఆ సూత్రం విలువ వార్డులో తెలుస్తుంది. మూత్రపిండాలు దెబ్బతిన్న రోగికి జెంటామైసిన్ తొలి మోతాదు సాధారణంగా మారదు. తర్వాతి మోతాదులను తగ్గించాలి, లేదా వాటి మధ్య వ్యవధి పెంచాలి. ఆ తేడా తెలియని వైద్యుడి చేతిలో ప్రాణం నిలిపే మందే రోగి వినికిడిని హరించవచ్చు.