ఇంటిపేర్లు – ఊరిపేర్లు

మనుష్యునకు పేరు పుట్టిన పిమ్మట పెట్టుదురు. ఇంటిపేరు మాత్రము అతడు పుట్టకమునుపే సిద్ధముగా నుండును. పేరు ఒకని జీవితముతో ముగియును. ఇంటిపేరు తరతరములు నడచును. కర్నూలు, కడప సీమలో ఏ పల్లెకు పోయినను క్రొత్తగా వచ్చినవానిని మొదట అడుగు ప్రశ్న “ఏ ఊరు?” అని, రెండవది “ఎవరింటివారు?” అని. ఈ రెండు ప్రశ్నలకును మూల మొకటే యని కొంచెము విచారించినచో తెలియగలదు. గ్రంథాలయమునకు వచ్చి గ్రంథములు చదువు సోదరులు తమ పేర్లను గూడ ఒక గ్రంథమువలె చదువుకొనవలె నని సూచించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఊరిపేరును మనుష్యుని పేరునకు ముందుంచు ఆచారము మన సీమలో మిక్కిలి పురాతనమైనది. కడప మండలమున ఎఱ్ఱగుంట్లకు సమీపమునగల కలమళ్ళ గ్రామపు శాసనము తెలుగుభాషలో లభించిన మొదటి శాసనములలో నొకటి. దాని కాలము క్రీ.శ. 575 ప్రాంతము. అప్పు డీ భూమికి రేనాడని పేరు. ఆ శాసనమునందలి రాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు. ఇందులో ధనంజయుడనునది పేరు, ముత్తురాజనునది బిరుదము, ఎరికల్ అనునది స్థలనామమని చరిత్రకారులు తలంతురు. పదునాలుగు వందల ఏండ్ల క్రిందటి రాజు పేరును నేటి రైతు పేరును ప్రక్కప్రక్కన వ్రాసి చూచినచో స్థలము ముందు, మనుష్యుడు వెనుక అను క్రమము చెడలేదని తోచును. ఇంగ్లీషువారు వంశనామమును చివర నుంతురు. చైనా దేశీయులు మనవలెనే ముందుంతురు.

ఊరిపేరు ఇంటిపేరుగా మారునప్పుడు దానికి వ్యాకరణ సంస్కారము గూడ కలుగును. చిన్నయసూరి తన బాలవ్యాకరణమున ఔపవిభక్తికము లని చెప్పిన ఇ, టి, తి వర్ణము లిచ్చట పని చేయును. ‘ఊరు’తో ముగియు గ్రామనామము ‘ఊరి’ యగును. ‘పాడు’తో ముగియునది ‘పాటి’ యగును. ‘ప్రోలు’తో ముగియునది ‘ప్రోలి’ యగును. పోతులూరి వీరబ్రహ్మము, ఆతుకూరి మొల్ల అను పేర్లలో చివరనున్న ఇకారమున కిదియే కారణము. పోతులూరి యనగా పోతులూరునకు చెందినవా డని యర్థము. అక్షరము చదువని అవ్వ గూడ ఈ సూత్రమును తప్పక పాటించుచు ఇంటిపేరును పలుకుచుండుట గమనింపదగినది. వ్యాకరణము జనుల నాలుకపై పుట్టినదే గదా!

అయినచో ఒక సందేహము పొడమును. ఊరిలోనివా రందరును ఆ ఊరివారే యైనప్పుడు ఒక్కనికే ఆ పేరేల? తాళ్లపాకలో నున్నంతవరకు తాళ్లపాకవా డని యొకరి నొకరు పిలుచుకొనవలసిన పని లేదు. ఊరు విడిచి మఱియొక చోట కాపుర మున్నప్పుడు అచ్చటివారు పాత ఊరిపేరుతో పిలుతురు. కాబట్టి అనేక కుటుంబముల ఇంటిపేరు వారున్న ఊరిని గాక, వారు విడిచిన ఊరిని తెలుపును. రాజంపేట సమీపమునగల తాళ్లపాక అన్నమాచార్యుల వలన (1408–1503) లోకప్రసిద్ధమైనది. ఆయన తిరుమలకు చేరినను, కొడుకులు మనుమలు అచ్చటనే వెలసినను, వారు తాళ్లపాకవారుగనే నిలిచిరి. భార్యయగు తిమ్మక్కయు తాళ్లపాక తిమ్మక్కగనే కవయిత్రుల వరుసలో చేరినది. తరిగొండ వెంగమాంబ కథ దీనికి భిన్నము. తండ్రి ఇంటిపేరును గాక, మగని ఇంటిపేరును గాక, పుట్టిన ఊరిపేరే ఆమెకు ఇంటిపేరైనది.

ఊరు మారినప్పుడు ఇంటిపేరే మారుటయు కలదు. ప్రొద్దుటూరునందును కడపయందును జీవించిన పుట్టపర్తి నారాయణాచార్యుల (1914–1990) వంశమువారు తొలుత తిరుమలవారు. పుట్టపర్తి నివాసము వలన పుట్టపర్తివా రైరి. పింగళి సూరన కళాపూర్ణోదయమును నంద్యాల కృష్ణమరాజున కంకితము చేసెను. కవి ఇంటిపేరు కృష్ణాతీరపు గ్రామము. ప్రభువు ఇంటిపేరు మన సీమ పట్టణము. ఆ యొక్క అంకితమున రెండూళ్లు కలిసికొన్నవి.

మెట్టభూమి జనుల ఇంటిపేర్లలో ఊళ్లేగాక చెట్లు, చేలు, పశువులు గూడ కనబడును. జొన్నల, సజ్జల, తుమ్మల, వేపల, ఎద్దుల, ఆవుల, గొఱ్ఱెల వంటివి విన్నచో ఈ నేలపై ఏది పండినదో, ఏది మనుష్యుని బ్రతికించినదో తెలియును. నీరు కొఱవడిన సీమలో నీటి పేర్లు ఎక్కువగా నిలుచుట వింత గాదు. కుంట, చెఱువు, కొలను, బావి అను మాటలు మన ఊళ్ల పేర్లయందును ఇండ్ల పేర్లయందును విరివిగా గలవు. టెంకాయచిప్ప చేతబట్టి భిక్షమెత్తి ఒంటిమిట్ట కోదండరామాలయమును ఉద్ధరించిన మహనీయుడు వావిలికొలను సుబ్బారావు (1863–1936). ఆ ఇంటిపేరున ఒక వావిలి చెట్టును ఒక కొలనును ఇప్పటికిని పచ్చగా నున్నవి.

ఇక వ్యక్తుల పేర్లు. ఇచ్చట క్షేత్రముల ప్రభావ మధికము. అహోబలమువలన ఓబులేసు, ఓబయ్య, ఓబులమ్మ, మహానందివలన మహానందయ్య, యాగంటివలన యాగంటయ్య, మద్దిలేటి నరసింహస్వామివలన మద్దిలేటి, ఉరుకుందవలన ఈరన్న, నందవరపు చౌడేశ్వరివలన చౌడప్ప, చౌడమ్మ, శ్రీశైలమువలన మల్లన్న, మల్లమ్మ. తిరువేంగళనాథుని పేరు వాడుకలో వెంగళయ్య, వెంగళరెడ్డి యైనది. 1866 నాటి కఱవులో వేలమందికి అన్నము పెట్టిన ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి పే రిట్టిదే. పీర్లకు మ్రొక్కుకొని పుట్టిన బిడ్డలకు దస్తగిరి, హుసేనప్ప, మస్తానయ్య, కుళ్ళాయప్ప అని పేరిడు హిందువులు ఈ సీమలో అనేకులు. వారి ఇంటిలో రామన్నయు దస్తగిరియు అన్నదమ్ములు. ఈ ఐకమత్యమును ఎవరును నేర్పలేదు, పేర్లే సాక్ష్యము.

బిడ్డలు నిలువని తల్లులు పెట్టిన పేర్లు వేఱు. పుట్టిన శిశువును ఎంగిలి విస్తళ్లపై దొర్లించి పుల్లయ్య యనియు, పెంటపై నుంచి తీసికొని పెంటయ్య యనియు, బిచ్చమెత్తిన బియ్యముతో పేరిడి పిచ్చయ్య యనియు పిలిచిరి. హీనమైన పేరున్నచో మృత్యువు కన్ను పడదని వారి నమ్మకము. నేటి యువకులు తాత పేరు చెప్పుటకు సిగ్గుపడుదురు. ఆ పేరు వెనుక ఎందఱు బిడ్డలను పోగొట్టుకొన్న తల్లి యున్నదో తెలిసినచో సిగ్గు పోయి కన్నీరు వచ్చును.

అధికారియు కొన్నిచోట్ల పేరైనాడు. 1800లో నిజాము ఈ జిల్లాలను కుంపిణీకి దత్తము చేసిన పిమ్మట 1807 వఱకు థామస్ మన్రో ఇచ్చట ప్రధాన కలెక్టరుగా నుండెను. ఆయనపై గౌరవముచే కొందఱు తమ బిడ్డలకు మన్రోలప్ప అని పేరిడిరి. దత్తమండలము లన్న పేరు మాత్రము జనులకు రుచింపలేదు. 1928లో నంద్యాల సభలయందు చిలుకూరి నారాయణరావుగారి సూచనపై సీమకే రాయలసీమ యని క్రొత్త పేరు కలిగినది. తన పేరును తానే నిర్ణయించుకొనుట వ్యక్తికేగాక దేశమునకును గౌరవమే.

మన్రో రైతువారీ పద్ధతిని స్థిరపఱచుటతో ప్రతి రైతు పేరును లెక్కలలోని కెక్కినది. ఒకే ఊరిలో నలుగురు వెంకటరెడ్లున్నచో ఇంటిపేరును తండ్రి పేరును లేనిదే భూమి ఎవరిదో తేలదు. కరణముల చిట్టా, అడంగలు పుస్తకములలో ఒక ఇకారము తప్పిపోయినందున అన్నదమ్ముల బిడ్డలు కోర్టుల పాలగుట పెద్దలెఱిగినదే. అంతకంటె పెద్ద లోప మొకటి కలదు. పాత లెక్కలలో మాల, మాదిగ కుటుంబములవారికి అనేక చోట్ల ఇంటిపేరు వ్రాయలేదు. కులము పేరునే పేరునకు ముందు తగిలించిరి. వారికి ఇంటిపేర్లు లేకపోలేదు. పెండ్లి సంబంధములు చూచునప్పుడు వారి పెద్దలు ఇంటిపేరును అడుగక మానలేదు. అడుగనివాడు లెక్క వ్రాసినవాడే. 1984లో కరణీకములు రద్దైనవి. ఆ పుస్తకములు కార్యాలయములకు చేరినవి. కాని అందులో వ్రాయక విడిచిన పేర్లు ఏ కార్యాలయమునకును చేరలేదు. అవి ముసలివారి నోళ్లయందే యున్నవి.

ఊళ్లు గూడ శాశ్వతములు గావు. 1980–81 ప్రాంతమున శ్రీశైల జలాశయమున కృష్ణా తుంగభద్రల తీరపు గ్రామము లనేకములు మునిగినవి. 2020లో గండికోట జలాశయపు నీటికై తాళ్లప్రొద్దుటూరు ఖాళీయైనది. గుడి మునిగినను, రచ్చబండ మునిగినను, ఆ ఊరిపేరు ఇంటిపేరుగా గల కుటుంబ మొక్కటి యున్నంతవఱకు ఆ ఊరు పూర్తిగా మునుగలేదని చెప్పవచ్చును. కాని ఆ ఇంటిపేరు నేడు పాఠశాల పట్టికలో ఒక ఇంగ్లీషు అక్షరముగా మిగిలినది. ఆ అక్షర మేమని అడిగిన బాలుడు చెప్పలేకపోయినచో, నీరు చేయని పనిని మనమే చేసిన వార మగుదుము.

కావున ఈ రజతోత్సవ సందర్భమున గ్రంథాలయము పూనదగిన చిన్న కార్య మొకటి కలదు. ఒక దళసరి పుస్తకము తెచ్చి, ఊరిలోని ప్రతి ఇంటికిని, ఏ పేటయు విడువక, ఒక్కొక్క పుట కేటాయింపవలెను. ఇంటిపేరు సంపూర్ణముగా, దాని మూల గ్రామము, వచ్చిన కారణము, కోడండ్ర పుట్టినింటి పేర్లు, తెలిసినంతవఱకు పూర్వుల పేర్లు అందులో వ్రాయవలెను. ఇంటి పెద్ద చెప్పగా బడి పిల్లవాడు వ్రాసినచో మఱియు మేలు. కర్నూలున పుట్టి గ్రంథాలయోద్యమమునకు జీవితము ధారవోసిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి సీమయందు ఇది అసాధ్యమైన పని గాదు. అచ్చుపుస్తకములు ఏ పట్టణమునందైనను దొరకును. ఈ పుస్తకము మాత్రము ఈ ఊరివారు వ్రాసిననే కలుగును. ఇప్పుడున్న వృద్ధులు జీవించియుండగా వ్రాసిననే కలుగును.