పేరు చివర ఆ ‘జి’ ఎందుకొచ్చింది?

డెబియన్ గానీ ఉబుంటు గానీ వాడేవాళ్ళు ఒకసారి ప్యాకేజీల జాబితా తీసి చూడండి. జెడ్‌లిబ్1జి అని ఒకటి కనబడుతుంది. జెడ్‌లిబ్ అంటే ఫైళ్ళను కుదించే లైబ్రరీ, సరే. చివర ఆ ‘జి’ ఏంటి? అది 1998 నాటి అప్‌గ్రేడు మిగిల్చిన మచ్చ.

లినక్సులో దాదాపు ప్రతి ప్రోగ్రామూ సి లైబ్రరీని నమ్ముకునే బతుకుతుంది. ఫైలు తెరవాలన్నా, తెర మీద అక్షరం వెయ్యాలన్నా దాన్నే అడగాలి. 90ల మొదట్లో గ్నూ వాళ్ళ లైబ్రరీ పని నత్తనడక నడుస్తోందని లినక్సు వాళ్ళు దాని కాపీ తీసుకుని వేరుకాపురం పెట్టారు. లిబ్‌సి5 దాకా లాక్కొచ్చారు. ఈలోగా గ్నూ వాళ్ళు పుంజుకుని, త్రెడ్లతో సహా అన్నీ సర్దుకుని 1997లో జీలిబ్‌సి 2.0 వదిలారు. దాంతో మళ్ళీ ఉమ్మడి కుటుంబంలో కలిసిపోదామనుకున్నారు. 5 అప్పటికే అయిపోయింది కాబట్టి దీన్ని లినక్సులో లిబ్‌సి6 అన్నారు. (ఇవాళ్టికీ అదే 6!)

ప్రోగ్రాము కొత్త లిబ్‌సినీ, అది పిలిచే లైబ్రరీ పాత లిబ్‌సినీ వెంటబెట్టుకొస్తే క్రాష్ ఖాయం. అందుకని ప్రతి లైబ్రరీ రెండు రకాలుగా పక్కపక్కనే ఉండాలి. గ్నూ లిబ్‌సితో కట్టినదానికి గుర్తుగా ‘జి’ తగిలించారు. అదన్నమాట సంగతి.

రెడ్‌హ్యాట్ 1997 డిసెంబరులో 5.0తో దూకేసింది. వాళ్ళకి కొంత నయం, అప్‌గ్రేడు చేసేది విడిగా బూటయ్యే ఇన్‌స్టాలర్. డెబియన్‌లో మాత్రం నడుస్తున్న సిస్టం మీదే చెయ్యాలి. ప్యాకేజీ ఎక్కించే స్క్రిప్టులు నడపడానికి బాష్ కావాలి. బాష్‌కి రీడ్‌లైన్, దానికి ఎన్‌కర్సెస్, వాటన్నిటికీ లిబ్‌సి. వరస తప్పి ముందే బాష్‌ని మార్చారో, కూర్చున్న కొమ్మని నరుక్కున్నట్టే. షెల్లే లేకపోతే సరిదిద్దుకోవడానికి కమాండెక్కడ కొడతాం? అందుకే ఆ వరస కాగితం మీద రాసిచ్చి ఊరుకోకుండా, ఆటోఅప్ అని ఒక స్క్రిప్టే రాసిపెట్టారు. అంత చేసినా లాగిన్ల లెక్క రాసే ఫైలు ఫార్మాటు మారింది, పాత ప్రోగ్రాములకి అందులో చెత్త కనబడేది.

డెబియన్ 2.0 జూలై 1998లో వచ్చింది. ఆలస్యమని తిట్టినవాళ్ళున్నారు గానీ, నా ఓటు ఆ ఆలస్యానికే. స్లాక్‌వేర్ అయితే అక్టోబరు 1999లో 7.0 దాకా ఆగింది.

మిగతా లైబ్రరీల్లో చాలావరకు వెర్షన్లు మారినప్పుడు ఆ ‘జి’ని వదిలించుకున్నాయి. జెడ్‌లిబ్ పెద్ద నంబరు 1 దగ్గరే ఉండిపోయింది కాబట్టి దానికి మిగిలిపోయింది. 2024లో 2038 సమస్య కోసం చాలా లైబ్రరీల పేర్ల చివర ‘టి64’ తగిలించారు. అవెన్నాళ్ళుంటాయో మరి.