శిలువకు మకరతోరణం

చెన్నై విమానాశ్రయానికి దగ్గర్లోనే సెయింట్ థామస్ మౌంట్ ఉంది. తమిళులు పరంగిమలై అంటారు. 1547లో పోర్చుగీసువాళ్లు ఆ కొండమీద చర్చి కట్టడానికి పునాదులు తవ్వుతుంటే, శిలువ చెక్కిన రాతిపలక ఒకటి బయటపడింది. అపొస్తలుడైన థామస్ తన చేతులతో చెక్కిన శిలువే ఇదని నమ్మి, బలిపీఠం వెనక గోడలో నిలిపారు. ఇప్పటికీ అక్కడే ఉంది.

దాని మీద క్రీస్తు దేహం లేదు. శిలువ నాలుగు కొసలూ మొగ్గల్లా విచ్చుకుంటాయి. కింద మెట్లు, పాదం దగ్గర ఇరువైపులా ఒంపు తిరిగిన ఆకులు, పైనుంచి తలకిందులుగా వాలుతున్న పావురం. ఇంతవరకూ పర్షియా క్రైస్తవుల పద్ధతే అనుకోవచ్చు. పక్కనున్న స్తంభాలు చూస్తే మాత్రం దక్షిణాది శిల్పి పనితనం తెలిసిపోతుంది. వాటి మీద రెండు మకరాలు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. ఆ నోళ్లలోంచే కమాను పుట్టి శిలువ మీదుగా వంగింది. మన గుళ్లలో మూలవిరాట్టు వెనక కనిపించే మకరతోరణమే! దేవుడన్నాక తోరణం ఉండాలని శిల్పే అనుకున్నాడో, చెక్కించినవాళ్లే అడిగారో.

కమాను అంచున ఒక వరస అక్షరాలున్నాయి. పోర్చుగీసువాళ్లు స్థానిక పండితుణ్ని పిలిపిస్తే, ఆయన ఆ ఒక్క వరసలోంచే థామస్ చరిత్రంతా చదివి వినిపించాడు. అడిగినవాళ్లకు ఏం కావాలో ఆయనకు బాగానే తెలిసినట్టుంది. అది పర్షియా వాళ్ల పహ్లవీ రాత అని 1873లో మద్రాసు సివిల్ సర్వీసు అధికారి బర్నెల్ వివరించాడు. అందులో ఏముందన్న దానిపై మాత్రం పండితులకు ఇంకా ఏకాభిప్రాయం లేదు. చాహర్‌బుఖ్త్ కొడుకు అఫ్రాస్‌ను కరుణించమని క్రీస్తును వేడుకుంటున్నట్టు వింక్‌వర్త్ అనే పండితుడు చదివాడు.

రాతను, చెక్కడాన్ని బట్టి పలకను సుమారు 7-9 శతాబ్దాల మధ్య కాలానిదిగా లెక్కగడతారు. థామస్ 1వ శతాబ్దివాడు కాబట్టి ఆయన చెక్కి ఉండే అవకాశం లేదు. పర్షియా క్రైస్తవులు దక్షిణ తీరానికి వ్యాపారం కోసం వచ్చేవారు. 849 నాటి కొల్లం తామ్రశాసనంలో, అక్కడి చర్చికి వేణాడు పాలకుడిచ్చిన హక్కులకు సాక్షులుగా కొందరు పహ్లవీలోనే సంతకాలు చేశారు.

శాసన పాఠం తేలకపోయినా, చెక్కిన చెయ్యి ఈ నేలదేనని చెప్పడానికి నాకు ఆ మకరాలు చాలు. ఇలాంటి శిలువలే మరో రెండు కేరళలోని కొట్టాయం వలియపళ్లిలో ఉన్నాయి. అటు వెళ్లినవాళ్లు తప్పక చూడండి.