రేడియో పెట్టెలోని వాల్వులు



తణుకు, తాడేపల్లిగూడెము, ఏలూరు ప్రాంతములలో పెద్దల యిండ్ల నటుకలమీద పూర్వపు రేడియో పెట్టెలు నేటికిని కొన్ని యున్నవి. వాల్వు రేడియోలో పలికిన నాదమే నాదమని పలువురు చెప్పుచుందురు. ఆ మాటలో నిజమెంతయో విచారింతము.

1904లో ఇంగ్లండులో ఫ్లెమింగు అను శాస్త్రజ్ఞుడు రెండు భాగములు గల వాల్వును నిర్మించెను. 1906లో అమెరికాలో డీ ఫారెస్టు వానినడుమ గ్రిడ్డు అను మూడవదానిని చేర్చెను. మన గోదావరి కాలువల తూమును తలచుకొనుడు. తలుపు నెత్తువాని బలము స్వల్పము. దానికి లోబడి పారు నీటి బలము అధికము. గ్రిడ్డు తలుపు వంటిది. వేడెక్కిన కాథోడునుండి ప్లేటునకు పోవు ఎలక్ట్రానులు నీటివంటివి. మూడు భాగములు గల యీ వాల్వునకు ట్రయోడు అని పేరు.

1926లో హాలండులోని ఫిలిప్సు సంస్థయందు టెల్లెగెను మరి రెండు గ్రిడ్లు చేర్చి పెంటోడును కనిపెట్టెను. ఈ రెండు జాతుల భేదము నొక యుదాహరణముతో చూపెదను. 2ఏ3 ట్రయోడు, 6వీ6 పెంటోడునకు దగ్గరి బంధువగు బీమ్ వాల్వు. రెంటికిని 250 వోల్టులిచ్చినచో మొదటిది మూడున్నర వాట్లును, రెండవది నాలుగున్నర వాట్లును ఇచ్చును. వేడెక్కుటకే మొదటిదానికి ఆరు వాట్లకు పైగా కావలెను. రెండవదానికి మూడు వాట్లైనను పట్టదు. కాని నాదవికృతి మొదటిదానిలో నూటికి 5 పాళ్లు, రెండవదానిలో 8 పాళ్లు. అదియుగాక ట్రయోడు స్పీకరును అదుపులో నుంచును. బీమ్ వాల్వు ఒంటిగా నున్నచో మృదంగపు దెబ్బ ఆగిన పిమ్మటను స్పీకరు కొంత మ్రోగుచుండును. ఒకటి పొదుపు, ఒకటి శుద్ధి.

ఈ వివాదమునకు పరిష్కారము వేరొక త్రోవను వచ్చెను. 1927లో హెరాల్డ్ బ్లాక్ అను నింజనీరు, బయటికి వచ్చిన నాదములో కొంత భాగమును వెనుకకు త్రిప్పి దోషమును దోషముచేతనే అణచు ఉపాయము కనుగొనెను. 1947లో విలియమ్సన్ ఆ యుపాయముతో బీమ్ వాల్వులనే ట్రయోడులవలె కలిపి 15 వాట్ల ఆంప్లిఫైయరును రచించెను. దాని వికృతి వెయ్యింటికి ఒక పాలు మాత్రమే.

మన పల్లెల కథ వేరు. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ కేంద్రము ప్రారంభమైననాడు అనేక గ్రామములకు కరెంటు లేదు. అచ్చట బ్యాటరీ సెట్లే శరణ్యము. అట్టివానికై నిర్మించిన 3ఎస్4 వాల్వు 90 వోల్టులతో పావు వాటునకు కొంచెము మించి యిచ్చును. రచ్చబండకడ కూర్చున్నవారికి అంతియే చాలెను. అచ్చట ప్రశ్న మాధుర్యము కాదు, బ్యాటరీ ఆయుస్సు. అది తీరిననాడు ఊరికి వార్తలును లేవు, హరికథయును లేదు.

కావున మాధుర్యము గాజుబుడ్డిది మాత్రమే కాదని నా యభిప్రాయము. ఆంప్లిఫైయరు రచన, ట్రాన్సుఫార్మరు, స్పీకరు, విశాలమైన కొయ్యపెట్టె, అన్నియు కలిసి ఆ నాదమైనవి. 1947 డిసెంబరులో పుట్టిన ట్రాన్సిస్టరు క్రమముగా వాల్వులను ఇండ్లనుండి వెడలించినది.

మీ యింట అట్టి పెట్టె యున్నచో పాత సామానువానికి తూచి యీయకుడు. వాల్వులపై నంకెలను, అది ఏనాడు కొన్నదియో, ఎవరు వినిరో వ్రాసి యుంచుడు. చేతి పనివానికి చూపక కరెంటు తగిలింపకుడు. ఆపిన పిమ్మటను లోపలి కండెన్సర్లలో ప్రాణాపాయకరమగు విద్యుత్తు నిలిచి యుండవచ్చును. గ్రామము లోకమును వినుట నేర్చిన చరిత్ర ఆ పెట్టెలో నున్నది.