పెసంత్రెన్లలో క్రమశిక్షణ, శిక్షలు

ఇండోనేషియాలో ఇస్లామిక్ విద్య నేర్పే వసతి పాఠశాలలను పెసంత్రెన్ అంటారు. అక్కడ గురువు కియాయి, విద్యార్థి సంత్రి. తప్పు చేసిన సంత్రికి వేసే శిక్షను తక్జిర్ అంటారు. గ్రంథాలు శిక్ష నిర్ణయించని నేరాలకు న్యాయమూర్తి తన విచక్షణతో వేసే శిక్షకు ఇస్లామిక్ ధర్మశాస్త్రంలో ఉన్న పేరే ఇది. ఈ విచక్షణాధికారం ఎవరి చేతిలో ఉండాలన్నదే నేటికీ తెగని సమస్య.

నేపథ్యం

పిల్లల్ని దండించడానికి హద్దులుండాలని ఇస్లామిక్ పండితులు ఏనాడో చెప్పారు. తండ్రి అనుమతి లేనిదే మూడు దెబ్బలు దాటరాదనీ, తలమీద, ముఖంమీద కొట్టరాదనీ 9వ శతాబ్దంలో ఉత్తర ఆఫ్రికాలోని కైరవాన్ నగర పండితుడు ఇబ్న్ సహ్నూన్ ఉపాధ్యాయులకు నియమం పెట్టాడు. దండనకు భయపడుతూ పెరిగిన పిల్లలకు అబద్ధం, కపటం అలవడతాయని చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్ 1377 నాటి ‘ముఖద్దిమా’లో హెచ్చరించాడు.

నియమాలు, శిక్షలు

జావా దీవిలోని పాత పెసంత్రెన్లలో కియాయి మాటే శాసనం. ఆయనను నొప్పిస్తే చదువుకు బరకత్ (దైవానుగ్రహం) ఉండదని సంత్రీల నమ్మకం. అందుకే శిక్షను ప్రశ్నించేవారు అరుదు. సామూహిక నమాజుకు రాకపోవడం, అనుమతి లేకుండా గేటు దాటడం, పొగతాగడం, సెల్‌ఫోన్ దాచుకోవడం సాధారణంగా తప్పులుగా లెక్క. మసీదు ముందు విడిచిన ఇంకొకరి చెప్పులు అడగకుండా తొడుక్కుపోవడమూ తప్పే. దీన్ని గసబ్ అంటారు. మరుగుదొడ్లు కడిగించడం, ఖురాన్ భాగాలు కంఠస్థం చేయించడం, అందరి ముందు నిలబెట్టడం, గుండు గీయించడం వాడుకలో ఉన్న శిక్షలు. చివరిది బహిష్కరణ.

గొంతోర్ పద్ధతి

తూర్పు జావాలోని పొనొరొగొ జిల్లాలో 1926లో ముగ్గురు అన్నదమ్ములు స్థాపించిన గొంతోర్ పెసంత్రెన్ కొత్త ఒరవడి పెట్టింది. అక్కడ రోజంతా గంటల ప్రకారం సాగుతుంది. సంత్రీలు అరబిక్‌లోనో ఇంగ్లిష్‌లోనో మాట్లాడాలి. మాతృభాష మాట్లాడినవారి పేర్లు తోటి విద్యార్థులే రాసి ఇస్తారు. విచారణ, శిక్ష పైతరగతుల వారి చేతిలో ఉంటాయి. నాయకత్వం నేర్పడం దీని ఉద్దేశం. ఎందరో ఈ పద్ధతిలో రాటుదేలారు. అయితే ఇంకా పిల్లలే అయినవారికి సాటి పిల్లల్ని శిక్షించే అధికారం కూడా దీనివల్లే దక్కింది.

చట్టాలు, మార్పులు

పాఠశాలలో ఉపాధ్యాయులైనా, తోటి విద్యార్థులైనా హింసకు పాల్పడకుండా పిల్లల్ని కాపాడాలని 2002 నాటి బాలల రక్షణ చట్టం చెబుతోంది. 2014 సవరణ దాన్ని పటిష్ఠం చేసింది. 2019లో పెసంత్రెన్లకు ప్రత్యేక చట్టం వచ్చింది. 2022 ఆగస్టులో గొంతోర్‌లో పైతరగతి విద్యార్థులు కొట్టడంతో ఒక సంత్రి మరణించాడు. హింస జరిగినట్టు సంస్థ సెప్టెంబరులో బహిరంగంగా అంగీకరించింది. అదే ఏడాది మత వ్యవహారాల శాఖ తన పరిధిలోని విద్యాసంస్థల్లో లైంగిక హింసను అరికట్టేందుకు 73వ నంబరు నిబంధన తెచ్చింది.

చట్టం గేటు లోపలికి చేరాలంటే ప్రతి శిక్షకూ జవాబు చెప్పే పెద్దవాడొకరు ఉండాలి. దెబ్బ తిన్న పిల్లవాడు భయం లేకుండా ఇంటికి కబురు పంపగలగాలి. కొట్టే చేతికి హద్దు గీయడం ఈ సంప్రదాయానికి పరాయిది కాదు. పదకొండు వందల ఏళ్ల కిందటే కైరవాన్ పండితుడు ఆ పని చేశాడు.